ఖున్సా మయ్యత్‌కున్న సతర్ లాకప్‌లో లేదా?

మన ఇంట్లో బిడ్డ పుట్టిందని తెలిసి ఢోలక్ పట్టుకుని వచ్చి, ఉయ్యాల దగ్గర పాడి, దుఆ ఇచ్చి, చేతిలో పెట్టింది తీసుకుని పోయే మనిషిని చౌరస్తాలో పోలీసులు జీపెక్కిస్తుంటే మనం బండి ఆపం. "వాళ్ళ లొల్లి మనకెందుకు" అనుకుని గేరు మారుస్తాం. ఇంటికొచ్చి చాయ్ తాగుతూ ఆ ముచ్చట నవ్వుకుంటూ చెప్పుకుంటాం కూడా. జీపు ఠాణా చేరాక లోపల ఏం జరుగుతుందో తెలియక నవ్వడం లేదు. తెలిసే నవ్వుతున్నాం.

అమ్మీల తరానికి హిజ్రా బద్దుఆ అంటే భయం ఉండేది. మా తరానికి ఆ భయమూ పోయింది, ఆ లిహాజూ పోయింది. మిగిలింది "పాయింట్ ఫైవ్" అనే జోకు. ఎవరినీ ఎగతాళి చేయొద్దని, చెడ్డ పేర్లు పెట్టి పిలవొద్దని సూరె హుజురాత్‌లో ఎంత సాఫ్‌గా ఉందో మదర్సాలో హిఫ్జ్ చేసే పిల్లాడిని అడిగినా చెప్తాడు. ఆ సూరె చదివిన నోటితోనే మనం ఆ జోకు వేస్తాం. అయినా ఇవాళ నా ఝగడా జోకుతో కాదు, లాకప్‌తో. ఆ లాకప్ చుట్టూ మనం గోడలా కట్టుకున్న ఖామోషీతో.

"అసలీయా, నఖ్లీయా?" ఠాణాలో హిజ్రాకు ఎదురయ్యే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. పేపర్లో అప్పుడప్పుడు "నకిలీ హిజ్రాల ముఠా అరెస్టు" అని వార్త వస్తుంది. నకిలీ అని ఎలా తేల్చారు? రాసిన విలేఖరి అడగడు, చదివిన మనమూ అడగం. ఎలా తేలుస్తారు మరి? ఒంటి మీది బట్ట తీయించి చూస్తే తప్ప తేలేది కాదు గదా అది. పేరు కోసమో కేసు కోసమో కాదు, ఒళ్ళు చూడడం కోసమే బట్టలు ఊడదీయడం. దొంగతనం కేసులో పట్టుకున్న మగాడికి ఈ పరీక్ష లేదు, ఆడదానికి లేదు. వీళ్ళకు మాత్రం ఏ కేసైనా ఇదే తొలి తనిఖీ.

ఈ చూపు మన గడ్డ మీద చట్టంగానే ఉండేది. ఇది వింటే నిజాం హుకూమత్ అనగానే ఛాతీ విప్పుకునే మనవాళ్ళకు కొంచెం నొప్పి కలగొచ్చు, కలగనివ్వండి. 1329 ఫస్లీలో, అంటే 1919లో, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో హైదరాబాద్ రియాసత్‌లో యూనక్స్ యాక్ట్ అని ఒక ఖానూన్ వచ్చింది. అంగ్రేజులు 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్‌లో హిజ్రాల మీద పెట్టిన భాగాన్ని ఎత్తి రాసుకున్నట్టే ఉంటుంది అది. అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆ రిజిస్టర్‌లో పేరున్న మనిషి ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనపడినా, పాడినా, ఆడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, 2 ఏళ్ళ దాకా ఖైదు వేయొచ్చు. 16 ఏళ్ళలోపు మగపిల్లవాడు వాళ్ళింట్లో ఉంటే అదీ జుర్మే. మరి యూనక్ అంటే ఎవరు? తాను నపుంసకుడినని ఒప్పుకున్నవాడు, లేదా వైద్య తనిఖీలో అలా తేలినవాడు. చూశారా, ఒళ్ళు విప్పి చూడడం ఆ చట్టం నిర్వచనంలోనే ఉంది!

రియాసత్ పోయింది, హైదరాబాద్ స్టేట్ పోయింది, ఉమ్మడి రాష్ట్రం వచ్చింది, పోయింది. ఆ ఖానూన్ మాత్రం పోలేదు. వైజయంతి వసంత మొగ్లీ, ఆమెతో పాటు మరికొందరు 2018లో కోర్టుకు వెళ్తే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టులో చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. 104 ఏళ్ళు బతికిందన్నమాట. ఈ నూటనాలుగేళ్ళలో మన అంజుమన్లు, మన జమాత్‌లు, మన లీడర్లు షరియత్ మీద, వక్ఫ్ మీద, ఉర్దూ మీద ఎన్ని జల్సాలు పెట్టారు! పాతబస్తీ గల్లీల్లో మనతో పాటు ఈద్ చేసుకునే, మన దర్గాల దగ్గర చాదర్ పట్టుకుని నడిచే ఈ మనుషుల మీద ఉన్న చట్టాన్ని తీసేయమని అడగడానికి కోర్టు గుమ్మం ఎక్కింది మాత్రం ఆ బిరాదరీ వాళ్ళే.

చట్టం పోతే అలవాటు పోతుందా? నూసెన్స్ కేసులున్నాయి, భిక్షాటన కేసులున్నాయి, 1348 ఫస్లీ నాటి సిటీ పోలీస్ యాక్ట్ ఇంకా ఉంది. చేతికి ఏది దొరికితే అది.

లాకప్‌లో వీళ్ళకు జరిగేది పుకారు కాదు, కోర్టు కాగితాల మీద ఉంది. 2004లో బెంగళూరులో ఒక హిజ్రా మీద గూండాలు సామూహిక అత్యాచారం చేశారు. తర్వాత పోలీసులు ఠాణాకు తీసుకెళ్ళింది ఆ గూండాలను కాదు, ఆమెను. బట్టలు ఊడదీసి, కిటికీ చువ్వలకు బేడీలతో కట్టేసి హింసించారు. ఈ సంగతి 2009లో ఢిల్లీ హైకోర్టు నాజ్ ఫౌండేషన్ తీర్పులో ఉంది. చెన్నైలో ఇంకొక మనిషి. దొంగతనం కేసు పేరుతో మాటిమాటికీ ఠాణాకు పిలిపించి చేసిన లైంగిక హింస తట్టుకోలేక ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. 2007లో మద్రాస్ హైకోర్టు ఆ కుటుంబానికి 5 లక్షలు ఇవ్వమని సర్కారును ఆదేశించింది. కోర్టు మెట్లెక్కింది తోబుట్టువు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇంటర్‌సెక్స్ మనుషుల సంగతి ఇంకా ఘోరం, ఎందుకంటే వాళ్ళ గురించి మాట్లాడడానికి మనకు జోకు కూడా లేదు. పింకీ ప్రామాణిక్ 2006 దోహా ఆసియా క్రీడల్లో రిలే పరుగులో దేశానికి బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్న అథ్లెట్. 2012లో కోల్‌కతాలో ఆమె మీద అత్యాచారం కేసు పెట్టి అరెస్టు చేశారు. మగ పోలీసు ఆమె ఒంటి మీద చెయ్యి వేసి పట్టుకుని తీసుకెళ్ళే ఫోటో దేశమంతా చూసింది. ఆమె ఆడా మగా అని తేల్చడానికి ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి తిప్పారు. పరీక్ష చేస్తుండగా తీసిన వీడియో బయటకు పొక్కి ఫోన్లలో తిరిగింది. 2014లో కలకత్తా హైకోర్టు ఆమె మీది ఆరోపణలు కొట్టేసింది. కేసు పోయింది, సరే. ఆ వీడియో ఎవరి ఫోన్లోంచి పోయింది?

మనం మాట్లాడితే హయా గురించి మాట్లాడతాం గదా, హయా పక్కనుంచే ఈ విషయం చూద్దాం. మన దగ్గర ఎక్కువమంది హనఫీలం. దర్సె నిజామీలో ఈరోజుకీ చదివించే కితాబ్ హిదాయా. ఎనిమిది వందల ఏళ్ళకు పైబడ్డ కితాబ్. అందులో ఖున్సా మీద, అంటే పుట్టుకతోనే ఆడో మగో సాఫ్‌గా తేలని మనిషి మీద, ఏకంగా ఒక బాబ్ ఉంది. ఆ మనిషి నమాజుకు వస్తే మగవాళ్ళ సఫ్‌కూ ఆడవాళ్ళ సఫ్‌కూ మధ్య నిలబడాలని రాశారు. మస్జిద్‌లో చోటు ఉందా లేదా అన్నది వాళ్ళకు సవాలే కాదు, ఎక్కడ నిలబడాలన్నదే సవాలు. ఆ మనిషి ఒళ్ళు మగవాళ్ళ ముందైనా ఆడవాళ్ళ ముందైనా బయటపడడం మక్రూహ్ అన్నారు. మహ్రమ్ కాని మగవాడు గానీ ఆడది గానీ ఆ మనిషితో ఏకాంతంగా ఉండడం కూడా మక్రూహ్ అన్నారు. అంతటితో ఆగలేదు. సంగతి తేలకుండానే ఆ మనిషి చనిపోతే గుసుల్ ఎవరివ్వాలి? మగవాడు ఇవ్వకూడదు, ఆడదీ ఇవ్వకూడదు. తయమ్ముమ్ చేయించి దఫన్ చేయమన్నారు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ప్రాణం పోయిన ఒళ్ళు అది. సిగ్గు పడదు, ఏడవదు, ఫిర్యాదు చెయ్యదు. ఆ మయ్యత్ సతర్ మీద పరాయి చూపు పడుతుందేమోనని గుసులే మాఫ్ చేశారు ఫుఖహా. మనమేమో కన్నీళ్ళు పెట్టుకునే బతికున్న మనిషి బట్ట లాగి నలుగురు కానిస్టేబుళ్ళు నవ్వుతుంటే, "అది హరామ్ పేషా, మనం పట్టించుకోకూడదు" అని తస్బీహ్ తిప్పుకుంటాం.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఎదురయ్యే జవాబు ఒకటుంది. "పుట్టుకతో ఖున్సా అయితే అల్లాహ్ తఖ్దీర్, వాళ్ళ మీద రహెమ్ చూపాలి. ఈ వేషం కట్టే మగాళ్ళు వేరు, వాళ్ళ మీద లానత్ ఉంది హదీసులో." హదీసు ఉంది, నేను కాదనను. ఆపరేషన్ జాయెజా నాజాయెజా అన్న ఫత్వా ఇవ్వడానికి నేను ముఫ్తీనీ కాను. నేనడిగేది ఒక్కటే: ఈ మనిషి ఆ రకమా ఈ రకమా అని ఠాణాలో ఎవరు చూసి తేలుస్తారు? అది తేల్చాలంటే ఏం విప్పాలి? మీరు చెప్పే తేడా ఎంత నిజమైనా, ఆ తేడా కనిపెట్టడానికి ఎస్సైకి హఖ్ ఎవరిచ్చారు? ఫిఖహ్ ఎక్కడ కళ్ళు దించుకోమందో సరిగ్గా అక్కడే టార్చ్ వేసి చూడమంటున్నారు మీరు, తెలిసో తెలియకో.

ఇంక గునాహ్ సంగతి. షరాబ్ తాగి శిక్ష పడ్డ మనిషిని ఒకరు శాపనార్థాలు పెడితే రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ ఆపారు. మీ భాయ్ మీద షైతాన్‌కు సాయం చెయ్యొద్దన్నారు. బుఖారీలో ఉంది. షామ్‌లో పన్ను కట్టలేదని కొందరు రైతులను ఎండలో నిలబెడితే, అటుగా పోతున్న హిషామ్ బిన్ హకీమ్ రజియల్లాహు అన్హు ఆగారు. దునియాలో మనుషులను అజాబ్ పెట్టేవాళ్ళను అల్లాహ్ అజాబ్ పెడతాడని తాను విన్న మాట చెప్పారు, అమీర్ దగ్గరికి వెళ్ళి చెప్పారు, వాళ్ళను విడిపించారు. ఇది ముస్లిమ్ షరీఫ్‌లో ఉంది. ఆ రైతులు నమాజీలా అని ఆయన ముందు విచారించలేదు. చూశారు, ఆగారు, వెళ్ళి అడిగారు. మనం స్కూటర్ ఆపం.

"మా షాదీలో పది వేలు ఇచ్చేదాకా కదల్లేదు, చీర ఎత్తుతామని బెదిరించారు" అనే ఫిర్యాదు కూడా ఉంది. ఉత్తది కాదు అది. దుకాణదార్లూ ఇదే చెప్తారు. బెదిరించి డబ్బు గుంజితే అది జుర్మ్, కేసు పెట్టండి, కోర్టు శిక్ష వెయ్యనివ్వండి. కానీ ఆ జుర్మ్‌కు లాకప్‌లో బట్టలు ఊడదీయడం ఏ సెక్షన్లో శిక్షగా రాసుందో నాకు చూపించండి. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత మన పిల్లల్ని పట్టుకెళ్ళి కొట్టారని, కరెంటు పెట్టారని మనం ఏడ్చాం. వాళ్ళలో కేసు నిలిచింది ఎందరి మీద? ఆరోజు మనం అడిగింది "మా పిల్లలు మంచోళ్ళు" అని మాత్రమే కాదు, "తప్పు చేసినా సరే, కొట్టే హఖ్ మీకు లేదు" అని కూడా. ఆ రెండో మాట మన పిల్లలకే వర్తిస్తుందా?

పాకిస్తాన్ పేరెత్తితే మనల్ని అనుమానంగా చూసే రోజులివి, అయినా ఒక మాట చెప్పక తప్పదు. 2009లో టాక్సిలాలో షాదీల్లో నాట్యమాడే ఖ్వాజాసరాల మీద పోలీసులు జులుం చేశారన్న సంగతి బయటికొస్తే, సుప్రీంకోర్టుకు వెళ్ళింది అస్లమ్ ఖాకీ అనే వకీలు. ఆయన ఇస్లామీ ఖానూన్‌లో ఆలిమ్. దీన్ చదివినందుకే వెళ్ళాడు, దీన్‌ను పక్కన పెట్టి కాదు. మన మౌలానాల్లో అలాంటి ఒక్కరి కోసం నేను ఇంకా చూస్తున్నా.

ఇప్పుడు చట్టం ఏం ఇచ్చిందో, ఏం ఎగ్గొట్టిందో చెప్తా. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా తీర్పులో మనిషి తనను మగ అనుకున్నా, ఆడ అనుకున్నా, మూడో జెండర్ అనుకున్నా అది ఆ మనిషి హఖ్ అంది. ఆపరేషన్ అయిందా అని అడగడం అనైతికం, చట్టవిరుద్ధం అంది. అలాంటప్పుడు ఠాణాలో తనిఖీ ఎవరు చేయాలన్నది ఆ మనిషినే అడగాలి. స్త్రీని స్త్రీయే, మర్యాదకు భంగం రాకుండా తనిఖీ చేయాలని నాగరిక్ సురక్షా సంహితలో 49వ సెక్షన్ ఉంది. తాను స్త్రీనన్న హిజ్రాకూ అది వర్తించాలి. జైళ్ళ కోసం 2022 జనవరిలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు రాసింది: తనిఖీ వాళ్ళు కోరుకున్న జెండర్ మనిషి గానీ శిక్షణ ఉన్న వైద్య సిబ్బంది గానీ చేయాలని, విడిగా చోటు ఇవ్వాలని, అయితే అది తనహాయీ ఖైదు కాకూడదని. జైలు గేటు దగ్గర ఉన్న ఈ జాగ్రత్త ఠాణా గుమ్మం దగ్గర ఎందుకుండదు? మనిషి ఒళ్ళు ఎక్కువ నలిగేది మొదటి 24 గంటల్లోనే గదా.

ఎగ్గొట్టిన సంగతి. ఠాణాలో పోలీసు ఒక స్త్రీ మీద అత్యాచారం చేస్తే కనీసం 10 ఏళ్ళు, పైన యావజ్జీవం. అదే హింస ట్రాన్స్‌జెండర్ మనిషి మీద చేస్తే, 2019 చట్టం 18వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 2 ఏళ్ళు. ఒకే లాకప్, ఒకే జులుం, శిక్షలో ఇంత ఫరక్. పాత 377లో జబర్దస్తీకి సంబంధించిన భాగాన్ని 2018లో సుప్రీంకోర్టు ఉంచింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. ట్రాన్స్ స్త్రీ కూడా భర్త మీద 498ఏ కేసు పెట్టుకోవచ్చని 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది, మంచిదే. మొగుడు కొడితే స్త్రీ అయిన మనిషి పోలీసు కొడితే స్త్రీ కాకుండా పోతుందా? దీని మీద అసెంబ్లీలో, పార్లమెంటులో అడగమని మన ఓట్లతో గెలిచినవాళ్ళను మనం నిలదీయాలి. అడగరు, ఎందుకంటే మనం అడగం.

తోబుట్టువు మాట దగ్గరికి వస్తానన్నా. ఇంట్లోంచి గెంటేసిన బిడ్డను పోలీసులు పట్టుకుంటే ఎవరికి ఫోన్ పోతుంది? సురక్షా సంహిత 36వ సెక్షన్ ప్రకారం చుట్టానికో, దోస్తుకో, పట్టుబడ్డ మనిషి చెప్పిన ఇంకెవరికైనా సరే అరెస్టు కబురు చెప్పాలి. అంటే గురువుకు చెప్పమన్నా చెప్పాల్సిందే. "రక్తసంబంధం ఉందా" అని అడిగే అధికారం ఎస్సైకి లేదు. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆమ్దనీ ఎంతని చూడకుండా ఉచిత వకీలు ఉంటాడు, నాల్సా నంబరు 15100. అరెస్టు కాగానే డాక్టర్ పరీక్ష జరగాలి, ఒంటి మీది గాయాలు రాయాలి, ఆ కాగితం కాపీ పట్టుబడ్డవాళ్ళకు ఇవ్వాలి. ఆ పరీక్ష దెబ్బల లెక్క కోసం. అసలీ నఖ్లీ తేల్చడం కోసం కాదు. 2020 రూల్స్ ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ కింద, రాష్ట్రంలో డీజీపీ కింద ట్రాన్స్‌జెండర్ ప్రొటెక్షన్ సెల్ ఉండాలి. మీ జిల్లాలో ఉందో లేదో కలెక్టరేట్‌కు వెళ్ళి అడగండి.

అదే 36వ సెక్షన్లో ఇంకో మాట ఉంది, నేను ఇదంతా రాసింది దాని కోసమే. అరెస్టు మెమో మీద గవాహీగా ఎవరు సంతకం పెట్టాలి? ఇంటివాళ్ళలో ఒకరు, లేదా అరెస్టు జరిగిన మొహల్లాలో ఇజ్జత్‌దార్ మనిషి ఒకరు. ఇంటివాళ్ళు ఎటూ రారు. మరి ఆ ఇజ్జత్‌దార్ మనిషి ఎవరు? మస్జిద్ కమిటీ సదర్ సాబ్, రిటైరైన హెడ్మాస్టర్ సాబ్, గల్లీ చివర మెడికల్ షాపు భాయ్, డ్వాక్రా గ్రూపు నడిపే ఆపా. మీరే. రాత్రి పదింటికైనా ఇద్దరు కలిసి ఠాణాకు వెళ్ళి, మెమో చూపించమని అడిగి, టైమూ తారీఖూ సరిగ్గా రాశారో లేదో చదివి, అప్పుడు దస్తఖత్ పెట్టండి. పట్టుకున్న ఆఫీసర్ నేమ్ ప్లేటు కనపడేలా ఉందా చూసి పేరు రాసుకోండి. ఆ మనిషిని ఒకసారి కళ్ళారా చూసి "ఖైరియత్?" అని అడిగి, తన పేరేంటో తన నోటితోనే చెప్పించుకుని, ఆ పేరుతోనే పిలిచి రండి.